పగుళ్లకు టెండరు

ఇమ్మడివరం మురుగుశుద్ధి కేంద్రంలోని పరిపాలనా భవనానికి నలభై ఒక్క ఏళ్లు. అదే ఏడు కట్టిన పశువుల ఆసుపత్రి ఎప్పుడో కూలిపోయింది. ధాన్యం గిడ్డంగికి మొండిగోడలు మిగిలాయి. ఈ భవనం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. అందుకు కారణం ఒకే ఒక్క మనిషి, వర్క్ ఇన్‌స్పెక్టర్ దేవసహాయం. ఆ తప్పు అతని మీద రుజువు కావడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

దేవసహాయం తాపీమేస్త్రీగా వచ్చి ఇన్‌స్పెక్టర్ అయినవాడు. పిట్టగోడ మీద రావి మొక్క మొలిస్తే వేరుతో సహా లాగేసి, ఆ బీటలో సున్నం కూరితే గాని అన్నానికి కూర్చునేవాడు కాదు. కేంద్రంలో వేరే ఏ పని జరిగినా అడుగున మిగిలిన సిమెంటు, రంగు అడిగి తెచ్చుకుని ఏదో ఒక గోడకి ముట్టజెప్పేవాడు. అతని చేతిలో భవనానికి ఒక్క జబ్బే లొంగకుండా మిగిలింది. వెనకవైపు ప్యానెల్ గది పైకప్పు కారుతుంది, దానికి అడుగున మిగిలిన సిమెంటు చాలదు.

ప్యానెల్ గది అంటే మోటార్ల స్విచ్చులన్నీ ఉండే గది. ఊరి మురుగంతా ఒక పెద్ద బావిలోకి వచ్చి పడుతుంది. అక్కడి నుంచి మోటార్లు దాన్ని శుద్ధి తొట్లలోకి ఎత్తిపోస్తాయి. ప్యానెల్ మీద నీళ్లు పడితే మోటార్లు ఆగుతాయి. మోటార్లు ఆగితే మురుగు వచ్చిన దారినే వెనక్కి తన్ని, పల్లంలో ఉన్న దిగువపేట మూడు వీధుల్లోకి పొర్లుతుంది. దేవసహాయం ఇల్లు ఆ మూడో వీధిలోనే. వానొస్తే ప్యానెల్ ఆపరేటర్ రత్నకుమారి ప్యానెల్‌కి గొడుగు పట్టి, తను తడుస్తూ నిలబడేది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. నాలుగు వానాకాలాలూ అట్లాగే నిలబడింది.

ఆ సంక్రాంతి వెళ్లాక దేవసహాయం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కారేది రెండు గజాల మేరేననీ, నాలుగు బస్తాల సిమెంటు, నీళ్లు దిగకుండా వేసే మందు ఒక డబ్బా ఇప్పిస్తే ఆదివారం పూట తనే దగ్గరుండి చేయించుకుంటాననీ చెప్పుకున్నాడు.

త్రివిక్రమరావు మంచి వక్త. రిబ్బను కత్తిరించే సభల్లో మాట్లాడీ మాట్లాడీ, ఇంట్లో మంచినీళ్లు అడిగేటప్పుడు కూడా అదే భాష వచ్చేసేది. ఆయన సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీసి బల్ల మీద పరిచాడు. కొత్త ఏడాది నుంచి సమగ్ర పునరుద్ధరణ విధానం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం చిల్లర మరమ్మతులు అభివృద్ధి దృక్పథానికి విరుద్ధం. ఇకమీద భవనాన్ని బాగుచేస్తే మొత్తంగా బాగుచెయ్యాలి, లేకపోతే ముట్టుకోకూడదు.

"నువ్వు కన్నం గురించి ఆలోచిస్తున్నావు దేవసహాయం. ప్రభుత్వం భవనం గురించి ఆలోచిస్తోంది," అన్నాడు త్రివిక్రమరావు.

"భవనానికి ఏం కాలేదండి. కన్నమే పడింది," అన్నాడు దేవసహాయం.

ఆ మాట ఎంత ప్రమాదకరమైందో అప్పుడతనికి తెలియదు.

విధానంలో ఒక లెక్క ఉంది. ప్రతి భవనానికీ శిథిలతా సూచిక అని వంద మార్కులు. డెబ్బై నుంచి ఎనభై అయిదు లోపు వస్తే పునరుద్ధరణ మంజూరవుతుంది. డెబ్బై లోపైతే భవనం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎనభై అయిదు దాటితే బతికే ఆశ లేనట్టు, కూల్చెయ్యాలి. మార్కులు వెయ్యడానికి రాజధాని నుంచి ప్రణీత్ అనే కన్సల్టెంటు కుర్రాడు పలక లాంటి కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. గోడలు తట్టాడు, తలుపులు మూసి తెరిచాడు, గచ్చు మీద గోలీ దొర్లించాడు. ప్యానెల్ గదిలో తడి మరకని ఫొటో తీసుకుని, అది అధికారి గది కాదు కాబట్టి రెండే మార్కులన్నాడు. అన్నీ కూడితే యాభై రెండు వచ్చాయి.

త్రివిక్రమరావుకి తల తిరిగింది. పక్క జిల్లాలో ఇదే హోదాలో ఉన్న ఆయన బావమరిది భవనానికి డెబ్బై తొమ్మిది వచ్చాయి. వాళ్లకప్పుడే అద్దాల గోడలకీ, లోపలి జలపాతానికీ అంచనాలు తయారవుతున్నాయి. జలపాతం తన గదికి ఎదురుగా ఉండాలని ఈయన కూడా మనసులో అనుకుని ఉన్నాడు. లోపం ఎక్కడుందని ప్రణీత్‌ని అడిగితే, ఆ కుర్రాడు అమాయకంగా, ఎవరో మెయింటెనెన్సు చేస్తున్నారండీ అన్నాడు.

మర్నాడే దేవసహాయానికి మెమో అందింది. "తమరు గత ఇరవై ఆరు సంవత్సరములుగా ఉన్నతాధికారుల లిఖితపూర్వక అనుమతి లేకుండా భవనమును సుస్థితిలో ఉంచి, తద్వారా సంస్థకు రావలసిన అభివృద్ధికి అవరోధము కల్పించినందున, తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి భార్య కరుణమ్మకి చదివి వినిపించాడు. ఆమె రెండోసారి కూడా చదివించుకుంది. రిటైరుమెంటు ఏడాదిన్నరలో పెట్టుకుని వాదనలెందుకు, తప్పయిందని రాసిచ్చేయమంది. దేవసహాయం తెల్లకాగితం తీసుకుని, తెలియక సున్నం వేయించాననీ, ఇకముందు అటువంటిది జరగదనీ రాశాడు. రాసి సంతకం పెట్టాడు. ఇన్నేళ్లలో అతను అబద్ధం రాసింది ఆ ఒక్కసారే.

సంజాయిషీ అందాక త్రివిక్రమరావు మెత్తబడ్డాడు. పద్దెనిమిది మార్కులు సాధించడానికి ఒక కమిటీ వేశాడు. దాని పేరు శిథిలతా సాధన కమిటీ. అధ్యక్షుడు తనే. భవనం గుట్టుమట్లు ఇంకెవరికీ తెలియవు గనుక దేవసహాయం సభ్య కార్యదర్శి. మొదటి సమావేశంలో త్రివిక్రమరావు ముప్పావు గంట మాట్లాడాడు. నిర్మించడం అందరూ చేస్తారనీ, ఉన్నత లక్ష్యం కోసం శిథిలం చెయ్యగలిగినవాడే దార్శనికుడనీ దాని సారాంశం. అందరూ చప్పట్లు కొట్టారు. దేవసహాయం కూడా కొట్టాడు. మంజూరంటూ వస్తే ఆ పైకప్పు బాగుపడుతుంది కదా అన్నదొక్కటే అతని ఆశ.

పని పెద్దది కాబట్టి టెండరు పిలిచారు. నాంచారయ్య అనే కాంట్రాక్టరుకి వచ్చింది. మీటరు పైన పొడవు, మూడు మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు గల సహజసిద్ధమైన పగుళ్లు నలభై. ఇవిగాక గచ్చు కుంగించుట, కిటికీ రెక్కలు వేలాడదీయుట, పైకప్పున రెండు చోట్ల నీరు కారు పరిస్థితి కల్పించుట. నాంచారయ్య ముప్పై ఏళ్లుగా కట్టినవన్నీ వాటంతటవే ఈ స్థితికి వచ్చేవి. కావాలని చెయ్యమనేసరికి అతనికి చెయ్యి తిరగలేదు. మొదటి పగులు ఎక్కడ వెయ్యాలో చూపించమని దేవసహాయాన్నే అడిగాడు.

దేవసహాయం ఉలి తీసుకుని నడవాలో తూర్పు గోడ దగ్గర నిలబడ్డాడు. ఆ గోడకి అతను తొమ్మిదిసార్లు సున్నం కొట్టాడు. చేత్తో తడిమితే ఎక్కడ మెత్తగా ఉంటుందో, ఎక్కడ రాయి తగులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. రెండు దెబ్బలు వేసేసరికి పెచ్చు ఊడి కాళ్ల మీద పడింది. సాకిన ఎద్దు కాలు తనే విరగ్గొట్టినట్టనిపించి, ఉలి కూలివాడికిచ్చి బయటికి వచ్చేశాడు.

నలభై పగుళ్లూ పూర్తయ్యాక క్వాలిటీ కంట్రోల్ వాళ్లు వచ్చి ముప్పై ఒకటిని తిరగ్గొట్టారు. పగుళ్లు తిన్నగా ఉన్నాయనీ, ప్రకృతి తాడు పట్టి గీత గీయదనీ రిపోర్టు రాశారు. "పగులుకి ఒక స్వభావం ఉండాలండీ. ఇవి వట్టి గీతలు," అన్నాడు వాళ్ల పెద్దాయన, గోడ మీద వేలు వంకర్లు తిప్పి చూపిస్తూ. నాంచారయ్య మనుషులు ఆ గీతల చుట్టూ పూత కొట్టేసి కొత్తవి వంకరగా వేశారు.

తర్వాత రావి మొక్కలు. గోడన మొలిచిన రావి మొక్కకి అరమార్కు చొప్పున, గరిష్ఠంగా నాలుగు. ఉద్యానవన శాఖ నుంచి ఎనిమిది మొక్కలు తెప్పించి బీటల్లో నాటారు. ఎండలకి వాడిపోకుండా పూటకి రెండు చెంబుల నీళ్లు పొయ్యడానికి ఒక మనిషిని పెట్టి, హాజరు పట్టీ తెరిచారు. పావురాలు కూడా ఉంటే ఒక మార్కు వచ్చేది. మూడు వారాలు జొన్నలు చల్లినా అవి మాత్రం కట్టుబడి ఉండలేదు. తిని, శుద్ధి తొట్ల మీదుగా ఎగిరిపోయేవి.

ఈలోగా దేవసహాయం తన సొంత టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చి ప్యానెల్ గది పైన కప్పాడు. వేసవి మబ్బుల్ని నమ్మలేం, ఎప్పుడైనా కురవొచ్చు. అది త్రివిక్రమరావు కంటబడింది. అది మరమ్మతు కిందికి వస్తుందనీ, చేతిలో ఉన్న రెండు మార్కులు పోతాయనీ ఆయన పట్టా తీయించాడు. రత్నకుమారి గొడుగు సంగతి కూడా ఎవరో గుర్తు చేశారు. అది కదిలే పైకప్పు అవుతుందా కాదా అని కమిటీలో చర్చ జరిగి, సందేహానికి తావివ్వకుండా గొడుగు కూడా స్టోరులో జమ చేయించారు.

మే రెండో వారంలో పట్టపగలు ఆకాశం నల్లబడి గంటన్నర సేపు కుంభవృష్టి కురిసింది. రత్నకుమారి చీర కొంగు పిండి ప్యానెల్ తుడుస్తూ ఉండగానే లోపల ఠప్పుమని మెరిసి గదంతా పొగ కమ్ముకుంది. చెయ్యి తీసింది గనుక బతికింది. మోటార్లు అయిదు గంటలు ఆగాయి. దేవసహాయం ఎలక్ట్రీషియన్‌ని పట్టుకొచ్చి తీగలు మార్పించి ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. దిగువపేటలో మురుగు మోకాళ్ల దాకా వచ్చి, తీసింది. కరుణమ్మ బియ్యం డబ్బాని మంచం మీద పెట్టి, తనూ మంచం మీదే కూర్చుని ఉంది. ఆమె అతన్ని ఒక్కమాట అనలేదు. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు అన్నారు. శుద్ధి కేంద్రంలో ఇరవై ఆరేళ్లు ఏం చేశావయ్యా అని ఒక ముసలాయన అడిగితే, దేవసహాయం తలొంచుకుని చీపురు అందుకున్నాడు.

తెల్లవారి త్రివిక్రమరావుకి జరిగిందంతా చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు. వెంటనే ప్రణీత్‌కి ఫోన్ చేసి, ముంపుకి మార్కులున్నాయా అని అడిగాడు. సూచికలో ఉన్నవి భవనానికి సంబంధించిన గళ్లేననీ, వీధులకి గడి లేదనీ అవతలి నుంచి జవాబు వచ్చింది.

త్రివిక్రమరావు ఫోను పెట్టేశాడు. "విచారకరం," అన్నాడు. అది మునిగిన ఇళ్ల గురించో, రాని మార్కుల గురించో దేవసహాయానికి అర్థం కాలేదు. బయటికి వచ్చేసరికి అర్థమైంది. ఆ రోజు నుంచి అతని మనసులో భయం పోయి, దాని స్థానంలో చల్లటి కోపం ఒకటి చేరింది.

నెలాఖరున మళ్లీ మార్కులు వేశారు. తొంభై ఒకటి వచ్చాయి. గచ్చు కుంగించే ఉత్సాహంలో నాంచారయ్య మనుషులు ఒక దూలాన్ని కూడా కదిలించారు. ప్రణీత్ అభినందనలు చెప్పి, భవనం కూల్చివేత జాబితాలోకి వెళ్లిపోయిందన్నాడు. త్రివిక్రమరావు మొదట చిరునవ్వు నవ్వాడు. ఆ తర్వాత జరగబోయేది వరసగా ఆలోచించాడు. భవనం లేనిదే కార్యాలయం లేదు. కార్యాలయం లేనిదే ఈఈ పోస్టు లేదు. ఆయన నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆరు మార్కులైనా తగ్గించాలి. తగ్గించాలంటే బాగుచెయ్యాలి. బాగుచెయ్యడం నిషిద్ధం. కమిటీ రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు ఆఫీసు సూపరింటెండెంటు ఫైలు తిరగేసి దారి కనిపెట్టాడు. పగుళ్లు డిపార్టుమెంటు చేయించిన పని. చేసిన పనిలో లోపముంటే కాంట్రాక్టరు ఏడాది పాటు సొంత ఖర్చుతో సరిచెయ్యాలని ఒప్పందంలో ఉంది. ఉండాల్సినదాని కంటే ఎక్కువ శిథిలమవడం లోపమే కదా. కనుక నాంచారయ్య చేసేది మరమ్మతు కాదు, లోప సవరణ. త్రివిక్రమరావు ఆ సూపరింటెండెంటుతో కరచాలనం చేశాడు.

నాంచారయ్య లబోదిబోమన్నాడు. పగలగొట్టమంటే పగలగొట్టాననీ, ఎక్కువ పగిలితే మెచ్చుకోవాలి గాని ఇదెక్కడి న్యాయమనీ మొత్తుకున్నాడు. బయానా జప్తు చేస్తామనేసరికి సిమెంటు లారీ దింపాడు. పని చేయించే బాధ్యత దేవసహాయానిదే. దూలం నిలబెట్టించాడు, గచ్చు సరిచేయించాడు, కొన్ని పగుళ్లు పూడ్పించాడు. ఆఖరున కాంట్రాక్టరుని మెట్లెక్కించి పైకప్పు మీదికి తీసుకెళ్లాడు.

"మీవాళ్లు కారేట్టు చేసినయి మూడండీ. రెండే మూసినారు. ఆ వెనకది వదిలేసినారు," అన్నాడు.

"మేం కొట్టింది రెండేగా ఇన్‌స్పెక్టరు గారూ."

"రేపు వానొచ్చి అది కారిందంటే లోపం మీ మీదే రాస్తారు. ఆపైన మీ ఇష్టం."

నాంచారయ్య బయానాని తలుచుకున్నాడు. సాయంత్రంలోగా ప్యానెల్ గది పైన రెండు గజాల మేర పాత గచ్చు తవ్వి, మందు వేసి, నాలుగు బస్తాల సిమెంటుతో కొత్త గచ్చు వేశారు. తాపీ పని చివర్లో దేవసహాయం తనే చేశాడు. వారం రోజులు నీళ్లు కట్టించాడు. కింద గదిలో చుక్క రాలలేదు. రత్నకుమారి కప్పు వంక చూసి చూసి, "బాబాయ్, ఇంతేనా? ఇంతపనికేనా ఇన్నేళ్లు?" అంది. అతను తల ఊపాడు.

మార్కులు కూడితే అరవై తొమ్మిది వచ్చాయి.

డెబ్బై ఒకటి రావాల్సింది, రెండు ఏమయ్యాయని త్రివిక్రమరావు పట్టీ అంతా వెతికించాడు. ప్యానెల్ గది కారడం ఆగిపోయిందని తేలింది. ఆయన దేవసహాయాన్ని పిలిపించాడు. చివరి తనిఖీ జులై పదో తారీఖున ఉందనీ, ఆలోపు ఆ కారుడు యథాస్థితికి రావాలనీ, కారే చోటు కనిపెట్టడం కార్యదర్శి బాధ్యత అనీ లిఖితపూర్వకంగా ఆదేశించాడు.

దేవసహాయం సరేనండీ అన్నాడు. భవనం ఒకే అంతస్తు. పైకెక్కితే ముందు గదులూ వెనక గదులూ అన్నీ ఒకే మైదానంలా ఉంటాయి. దేని కింద ఏముందో తెలిసినవాడు అతనొక్కడే. సుద్దముక్క తీసుకుని, ముందువైపు నడిచి, పిట్టగోడకి రెండు బారల దూరంలో గుండ్రంగా ఒక గీత గీశాడు.

కారేది వెనక గదిలోనైతే కొట్టేది ముందువైపా అని నాంచారయ్య అనుమానపడ్డాడు.

"నీళ్లు దూరేది ఒకచోట, కారేది ఒకచోట. స్లాబులో పడి అట్టా వెనక్కి నడుస్తయి. ఇరవై ఆరేళ్లు దీంతో కాపురం చేసినోణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు దేవసహాయం.

అది తాపీపని వాళ్లందరికీ తెలిసిన మాటే. నాంచారయ్య ఇంకేం అడగలేదు. గడ్డపారలు పడ్డాయి. స్లాబు చిల్లుపడకుండా పైగచ్చు మాత్రం కొట్టేశారు.

జులై పదిన పొద్దుటి నుంచీ ముసురు. తనిఖీకి వచ్చిన పై అధికారిణి, ప్రణీత్, మరో ఇద్దరు త్రివిక్రమరావు గదిలో కూర్చున్నారు. ఆయన ప్రగతి నివేదిక మొదలుపెట్టాడు. రెండో పేజీలో మొదటి చుక్క ఆయన నెత్తిన పడింది. ఆయన ఆగలేదు. మూడో పేజీకి చుక్కలు ధార అయ్యాయి. నివేదిక సిరా కారి బల్ల మీదికి పాకింది. తలుపు దగ్గర నిలబడ్డ దేవసహాయం, ఉద్యోగం పోయినట్టేనని నిశ్చయించుకున్నాడు. అయినా కళ్లు తిప్పుకోలేదు.

అధికారిణి తలెత్తి పైకప్పు చూసింది. ఆమె ముఖంలో గౌరవం కనిపించింది. ప్రణీత్ పట్టీ చూసి, అధికారి గదిలో కారితే నాలుగు మార్కులని చెప్పాడు. కూడితే డెబ్బై మూడు.

"ఇంతటి పరిస్థితుల్లో విధులు నిర్వర్తిస్తున్నారా?" అందామె.

త్రివిక్రమరావు తడిసిన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. దేవసహాయం వంక ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో అంతా ఉంది, ఎవరు చేశారో, ఎందుకు చేశారో అన్నీ ఆయనకి తెలిసిపోయాయి. కాని నాలుగు మార్కులు. "సేవకి సౌకర్యం కొలమానం కాదు మేడమ్," అన్నాడు. నీళ్లు కాలరులోకి దిగుతుండగా మిగతా పేజీలన్నీ చదివాడు.

సెప్టెంబరులో మంజూరు ఉత్తర్వు వచ్చింది. ముందువైపు అద్దాల గోడ ఉంది, జలపాతం ఉంది. పైకప్పు ప్రస్తావన మాత్రం లేదు. అది రెండో దశలోనట. దాంతో పాటే ఇంకో ఉత్తర్వు. ఈ భవనం శిథిలమని అధికారికంగా తేలినందున, అందులో మనుషులు ఉండటం ప్రమాదకరం. కార్యాలయాన్ని ఆరు కిలోమీటర్ల దూరంలోని అద్దె భవనానికి తక్షణం తరలించాలి. పునరుద్ధరణ పూర్తయ్యాక, ఉజ్జాయింపున మూడేళ్లకి, తిరిగి రావచ్చు.

బల్లలు, బీరువాలు, ఫైళ్లు నాలుగు లారీల్లో వెళ్లాయి. త్రివిక్రమరావు వీడ్కోలు ఉపన్యాసం వరండాలో ఇచ్చాడు. ప్యానెల్‌ని కదిలించడానికి వీల్లేదు గనుక రత్నకుమారినీ, భవనానికి కాపలాగా దేవసహాయాన్నీ అక్కడే ఉంచారు. వాళ్లిద్దరూ మనుషుల కిందికి వస్తారా రారా అన్న విషయం ఉత్తర్వులో స్పష్టంగా లేదు.

అక్టోబరులో తుపాను పట్టి మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. సర్క్యులర్లు పంపేవాళ్లు లేరు, సమావేశాలు లేవు. మోటార్లు ఒక్క క్షణం ఆగలేదు. మూడో రోజు మధ్యాహ్నం దేవసహాయం గొడుగేసుకుని ఇంటికి వచ్చాడు. దిగువపేట కాలవలో నీళ్లు ఉరకలేస్తూ పల్లానికి పోతున్నాయి. గడప ఎండుగా ఉంది. కరుణమ్మ కంచంలో వేడివేడి అన్నం, పప్పుచారు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"మీ ఆఫీసు బిల్డింగు సంగతి ఏమైందయ్యా?" అని అడిగింది.

"శాంక్షనయింది," అన్నాడు దేవసహాయం ముద్ద కలుపుకుంటూ. "ఇంక దాని జోలికి ఎవరూ రారు."